బార్తుష్ ఒబ్రోహ్తా: కమానుతో మేళాన్ని నడిపిన కొండవాడు

సభాసదులందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్న వయొలిన్ వాద్యకారుడు సంగీత కళాశాల గడప తొక్కినవాడు కాడు. పెద్ద నగరాల కచేరీ మందిరాలు అతని లోకం కావు. పోలండ్ దక్షిణ సరిహద్దులో, తాత్రా పర్వతాల కింద ఉన్న జాకోపానే అనే ఊళ్ళో 1850లో పుట్టి, 1926లో అదే ఊళ్ళో కన్నుమూశాడు. పేరు బార్త్వొమియెయ్ ఒబ్రోహ్తా. ఊరివాళ్ళు మాత్రం ముద్దుపేరుతో బార్తుష్ అని పిలిచారు, చరిత్రలో కూడా ఆ పేరే నిలిచింది. దశాబ్దాల పాటు అతడు ఒక పల్లె వాద్యబృందానికి నాయకుడు. మరో జీవనాధారం, యాత్రికులకు కొండదారి చూపడం.

వయొలిన్ నేర్పడమే వృత్తిగా పెట్టుకున్న నాకు ఈ మనిషి ఎందుకు పట్టుకున్నాడో మొదటే చెప్పాలి. బృందాన్ని నడిపించడం అంటే చేతిలో చిన్న కర్ర పట్టుకుని, ఎదురుగా నిలబడి, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో చెప్పడమేనని చాలాకాలం అనుకున్నాను. బార్తుష్ చేసిన పని దానికి పూర్తిగా భిన్నమైనది. అతని బృందంలో ఏ పాట వాయించాలో నిర్ణయించేది ఎదుటివాడు. ఎదుటివాడి గొంతులోంచి ఏ పాట రాబోతోందో మొదటి నాలుగు స్వరాల్లోనే పసిగట్టి, మిగతావాళ్ళకు కమానుతోనే, అంటే తీగల మీద ఆడించే కర్రతోనే, అందించడం నాయకుడి పని. ఆ పని ఎంత కష్టమైనదో వివరంగా చెప్పబోయే ముందు, ఆ ప్రాంతం గురించి కొంత చెప్పాలి.

ఆ ప్రాంతాన్ని పోద్‌హాలే అంటారు, అక్కడి కొండజనాన్ని గురాల్‌లు అంటారు. బార్తుష్ పుట్టేనాటికి పోలండ్ అనే దేశం పటంలో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడూ దాన్ని పంచుకున్నాయి, పోద్‌హాలే ఆస్ట్రియా వాటాలోకి వచ్చింది. రాళ్ళ నేల, పొడవైన చలికాలం, ఓట్స్ అనే ధాన్యం తప్ప పెద్దగా ఏదీ పండని పొలాలు, వేసవిలో గొర్రెల మందలతో కొండల మీదికి వలస. ఆకలికి తాళలేక అక్కడి జనం వేల సంఖ్యలో అమెరికా వెళ్ళిపోయారు, ముఖ్యంగా చికాగోకి. జాకోపానేకి రైలు వచ్చింది 1899లో. అంటే బార్తుష్ సగం జీవితం రైలుకూత వినని ఊళ్ళోనే గడిచింది.

ఇక మేళం. పోద్‌హాలే మేళం చాలా చిన్నది. ముందు నిలబడి పాట వాయించే వయొలిన్‌ని ‘ప్రిమ్’ అంటారు. దాని పక్కన ఒకటో రెండో వయొలిన్లు ‘సెకుండ్’ అనే పేరుతో, రెండేసి తీగల మీద ఒకేసారి కమాను వేస్తూ లయ నడిపిస్తాయి. మన మాటల్లో చెప్పాలంటే అది వంత పాడటం లాంటిది. వీటి కింద ‘బాసి’ అనే వాద్యం ఉంటుంది. వయొలిన్ కుటుంబంలోనే పెద్ద వాద్యమైన చెల్లో అంత ఉంటుంది, మూడే తీగలు, వాయించేవాడు దాన్ని పట్టీతో భుజానికి తగిలించుకుని నిలబడే వాయిస్తాడు, అవసరమైతే నడుస్తూ కూడా వాయిస్తాడు. పోలండ్ పల్లెల్లో ఈ బాసికి ఇంకొక ఉపయోగం కూడా ఉండేది. నాట్యం చేసేవాళ్ళు ఇచ్చే నాణేలను దాని పైపలక మీద ఉన్న రంధ్రంలోంచి లోపలికి వేసేవారు. రాత్రి గడిచేకొద్దీ వాద్యం పొట్టలో డబ్బు గలగలమంటుంది. తాళవాద్యం ఈ మేళంలో లేదు. డప్పు లేదు, డోలు లేదు. ఆ లోటు తీర్చేవి సెకుండ్, బాసి కమాను దెబ్బలూ, నాట్యం చేసేవాడి పాదాలూ.

వయొలిన్ పట్టుకునే తీరు కూడా చూడదగ్గది. మనం కూర్చుని, వాద్యం తలను పాదం మీద ఆనించి వాయిస్తాం. పడమటి శాస్త్రీయ విద్వాంసుడు గడ్డం కింద బిగించి పట్టుకుంటాడు. గురాల్ పాతతరం వాద్యకారుడు నిలబడి, వయొలిన్‌ని ఛాతీకి ఆనించి, తల కొంచెం కిందికి వంచి పట్టుకుంటాడు. గడ్డం కింద ఏమీ లేదు కనుక నోరు స్వేచ్ఛగా ఉంటుంది, వాయిస్తూనే పాడగలడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక పెళ్ళిలో నాట్యం ఎలా జరుగుతుందో చెబుతాను, నాయకుడి పని దానిలోనే అర్థమవుతుంది.

గురాల్ నాట్యంలో ఒక సమయంలో ఒక్క జంటే గదిలో తిరుగుతుంది. మిగతావాళ్ళు గోడల వెంబడి నిలబడి చూస్తారు. నాట్యం చెయ్యదలచిన యువకుడు సరాసరి మేళం ముందుకు వచ్చి నిలబడతాడు, వాద్యకారుల ముఖాలకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. తల వెనక్కి విసిరి, గొంతు సాధ్యమైనంత పైకి లేపి ఒక పద్యపాదం పాడతాడు. ఆ పాటే అతని ఆజ్ఞ. అతడు ఏ ‘నూటా’ పాడాడో, అంటే ఏ వరుస పాడాడో, ప్రిమ్ వాయించేవాడు ఆ వరుసనే అందుకోవాలి. అతడు పాడిన శ్రుతికి దగ్గరగా, అతని పాదాలకు కావలసిన వేగంలో అందుకోవాలి. సంప్రదాయం ప్రకారం మొదట ‘ఓజ్వోద్నా’ అనే మెల్లని నాట్యం వస్తుంది. తరువాత యువకుడు మళ్ళీ మేళం ముందుకు వచ్చి మరో పాట పాడతాడు, ‘క్షెసానా’ వస్తుంది. రాయికి ఉక్కు కొట్టి నిప్పురవ్వలు రాల్చడానికి వాళ్ళ భాషలో ఉన్న క్రియ నుంచి ఆ పేరు వచ్చింది. పాదాలు నేల మీద నిజంగానే అలా రాజుకుంటాయి. చివరికి ‘జెలోనా’ అనే వరుసతో, అమ్మాయిని పట్టుకుని గిర్రున తిప్పడంతో ఆ జంట వంతు ముగుస్తుంది. వెంటనే మరొక యువకుడు మేళం ముందుకు వస్తాడు, అతని పాట వేరు.

ఇలా తెల్లవార్లూ సాగుతుంది. ఏ పాట ఎప్పుడు వస్తుందో ముందుగా రాసుకున్న కాగితం ఉండదు. ఒకే వరుసకు ఊరూరా చిన్న చిన్న తేడాలుంటాయి, యువకుడు ఏ ఊరివాడో తెలిస్తే ఏ సంగతి వెయ్యాలో తెలుస్తుంది. తాగి వచ్చినవాడు శ్రుతి తప్పి పాడవచ్చు, బిడియస్తుడు సగం పాదంలోనే గొంతు దించేసుకోవచ్చు, అయినా మేళం తడబడకూడదు. ప్రిమ్ తడబడితే యువకుడికి అది ఊరందరి ముందూ అవమానం. అందుకే అక్కడ మంచి నాయకుడంటే వేగంగా వాయించేవాడని కాదు, ఎదుటివాడి గొంతును సరిగ్గా విన్నవాడని లెక్క. బార్తుష్ తన ఊళ్ళో అటువంటి గౌరవం సంపాదించుకున్నవాడు.

అతనికి ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందనే ప్రశ్నకు జవాబుగా అక్కడివాళ్ళు చెప్పే పేరు సబావా. యాన్ క్షెప్తోవ్‌స్కి సబావా 1809లో పుట్టినవాడు, 1894 దాకా బతికాడు. వేటగాడు, కథకుడు, వాద్యకారుడు. అతని చేతిలో ఉండే వాద్యం మామూలు వయొలిన్ కాదు, ఒకే చెక్క ముక్కను సన్నని పడవలా తొలిచి చేసిన పాతకాలపు ఫిడేలు. పోలండ్‌కి తొలినాళ్ళలో నోబెల్ తెచ్చిన హెన్రిక్ షెన్‌కెవిచ్ అంతటి రచయిత ఈ సబావా నోట విన్న కథను తిరిగి రాశాడు. సబావా వరుసలు అని ఈనాటికీ పిలిచే కొన్ని పాటలు అక్కడ ఉన్నాయి. అవి ఒక తరం చేతుల్లోంచి మరొక తరం చేతుల్లోకి పుస్తకం సాయం లేకుండా వచ్చాయి, వాటిని అందుకుని మోసినవారిలో ముఖ్యుడు బార్తుష్.

1873లో జాకోపానే ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు వార్సా నుంచి వచ్చి అక్కడ విడిది చేసిన ఒక వైద్యుడు రోగులకు సేవ చేశాడు. ఆయన పేరు తీతుస్ హావుబిన్‌స్కి. ఆ తరువాత ఆయన ఆ ఊరిని ఎంత ప్రేమించాడంటే, మారుమూల పల్లె దేశమంతటికీ ఇష్టమైన కొండ విడిదిగా మారడానికి ఆయన పేరే ముందు చెబుతారు. వేసవిలో ఆయన పెద్ద బృందంతో తాత్రా కొండల్లోకి రోజుల తరబడి యాత్ర వెళ్ళేవాడు. ముందుగా దారి నిర్ణయించుకోని యాత్ర అది. అలాంటి ఒక యాత్ర గురించి 1879లో ఆయన స్వయంగా రాశాడు. గుడారాలు, గిన్నెలు, దుప్పట్లు గురాల్‌లు మోసేవారు, వాళ్ళతో పాటు మేళం కూడా వచ్చేది. ఆ మేళంలో సబావా ఉండేవాడు, యువకుడైన బార్తుష్ ఉండేవాడు.

ఆ దృశ్యాన్ని నేను తరచూ ఊహించుకుంటాను. పగలంతా రాళ్ళ మీద నడక, దారిలోనే కవాతు పాట. రాత్రికి ఏదో సరస్సు ఒడ్డున పెద్ద మంట వేసి, దాని చుట్టూ గురాల్ యువకులు నాట్యం చేస్తుంటే, పగలు బరువు మోసిన చేతులతోనే మేళగాళ్ళు వాయిస్తున్నారు. చుట్టూ రాతిగోడలు. ఆ గోడలకు తగిలి ప్రతి కమాను దెబ్బ తిరిగి వస్తుంది. ఈ సంగీతం ఎందుకంత గట్టిగా, పదునుగా, పై స్థాయిలో ఉంటుందో అది పుట్టిన చోటుని తలచుకుంటే తెలుస్తుంది. కొండ మీద ఈ గట్టునుంచి ఆ గట్టుకు వినిపించాల్సిన పాట అది.

ఆ యాత్రల్లో పాల్గొన్న పట్నవాసుల్లో సంగీతజ్ఞులు కూడా ఉన్నారు. యాన్ క్లెచిన్‌స్కి ఆ వరుసలను స్వరలిపిలో రాసుకుని 1888లో ప్రచురించాడు. యువ పియానిస్టు పదెరెవ్‌స్కి కూడా ఆ కొండలకు వచ్చి, ఆ వరుసల ఆధారంగా పియానో కృతులు రాశాడు. తరువాత 1919లో స్వతంత్ర పోలండ్‌కి ప్రధానమంత్రి అయినవాడు ఆయనే. జాకోపానేలో హావుబిన్‌స్కికి 1903లో స్మారకం కట్టినప్పుడు, పైన వైద్యుడి విగ్రహం, కింద ఫిడేలు పట్టుకుని కూర్చున్న సబావా విగ్రహం పెట్టారు. మేళగాడికి డాక్టరు గారి పాదాల దగ్గర చోటిచ్చారని కొందరు బాధపడవచ్చు. నాకూ ఆ బాధ కొంత ఉంది. అయినా వాద్యకారుడు లేకుండా ఆ యాత్రలు పూర్తి కావని ఆ శిల్పం ఒప్పుకుంది కదా అనే తృప్తి కూడా ఉంది.

ఇక్కడ కొంచెంసేపు సంగీతంలోకి వెళతాను, ఎందుకంటే ఈ సభలో దానిని చెవితోనే గుర్తుపట్టగలవారు చాలామంది ఉన్నారు. గురాల్ వరుసల్లో నాలుగో స్వరం శుద్ధమధ్యమం కాదు, ప్రతిమధ్యమం. షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతిమధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం. నిషాదం కొన్ని వరుసల్లో కాకలి, కొన్నిటిలో కైశికి. కాకలి నిషాదంతో పాడితే మన కల్యాణి రాగం స్వరాలు, కైశికితో పాడితే వాచస్పతి రాగం స్వరాలు.

[ఇక్కడ వక్త వయొలిన్ తీసుకుని రెండు స్వరక్రమాలనూ వాయించి చూపారు.]

స్వరాలు ఒకటే అయినంత మాత్రాన రాగం ఒకటి కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు. మన వాచస్పతిలో గమకం ఉంది, విస్తరణ ఉంది, మధ్యమం పంచమం వైపు ఆశగా చూస్తుంది. గురాల్ వరుస అలా కాదు. అది శిఖరం మీద మొదలవుతుంది, మొదటి స్వరమే ఎక్కువసార్లు అతి పై స్వరం, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా దిగుతుంది. దిగే దారిలో ఆ ప్రతిమధ్యమం దగ్గర కమాను ఒక్క క్షణం ఒరుసుకుంటుంది. వాళ్ళ పాతతరం పాటగాళ్ళు ఆ స్వరాన్ని మన శ్రుతిపెట్టె ఒప్పుకునే చోటే పెట్టరు, కాస్త కిందుగా, రెండు మధ్యమాల నడుమ పెడతారు. ఒక్కో ఖండిక ఐదేసి తాళభాగాలుగా సాగడం కూడా ఈ వరుసల్లో తరచుగా కనిపిస్తుంది. నాలుగుకు అలవాటు పడిన యూరప్ చెవికి అది కుంటినడకలా అనిపించింది. ఐదు లెక్కల ఖండగతి తెలిసిన మన చెవికి అందులో వింత ఏమీ లేదు.

బార్తుష్ వాయిద్యం మైనపు గొట్టాల మీద కొంత నిలిచింది. మొదటి ప్రపంచయుద్ధానికి కాస్త ముందు, యూలియుష్ జ్బోరోవ్‌స్కి అనే ఉపాధ్యాయుడు ఫోనోగ్రాఫ్ తీసుకుని పోద్‌హాలే వాద్యకారులను రికార్డు చేశాడు. తరువాత జాకోపానేలోని తాత్రా మ్యూజియానికి అధిపతి అయినవాడు ఆయనే. ఆ యంత్రంలో విద్యుత్తు లేదు. వాద్యకారుడు కొమ్ము ముందు నిలబడి వాయిస్తే, ఆ ధ్వని కదలిక సూదిని కదిలిస్తే, సూది మైనం మీద గాడి గీస్తుంది. రెండు మూడు నిమిషాల్లో గొట్టం అయిపోతుంది. తెల్లవార్లూ వాయించే మనిషికి రెండు నిమిషాల తరువాత ఆపమంటే ఎలా ఉండి ఉంటుందో! ఎదురుగా పాడే యువకుడు లేడు, పాదాల చప్పుడు లేదు, ఇత్తడి కొమ్ము మాత్రమే ఉంది.

1918లో పోలండ్ మళ్ళీ స్వతంత్ర దేశమైంది. బార్తుష్‌కి అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. అతని జీవితంలో అందరికీ తెలిసిన ఘట్టం దీని తరువాతే వస్తుంది.

కరోల్ షిమనోవ్‌స్కి అప్పటి పోలండ్ స్వరకర్తల్లో అగ్రగణ్యుడు. ఉక్రెయిన్‌లోని కుటుంబ ఎస్టేటు రష్యా విప్లవంలో పోయింది. ఇల్లు లేదు, రాసే శైలి మీద నమ్మకం కూడా సడలింది. అంతకు ముందు ఆయన సంగీతం అరబ్బు, పారశీక, గ్రీకు కలల చుట్టూ తిరిగింది. ల్వూఫ్ విశ్వవిద్యాలయంలో సంగీతాచార్యుడైన అదోల్ఫ్ హిబిన్‌స్కి ఆయనకు సబావా వరుసను పరిచయం చేశాడు. ఆ చిన్న ముక్క 1921లో షిమనోవ్‌స్కి రాసిన పాటల్లో తొంగిచూసింది. ఆ తరువాత ఆయన జాకోపానేకి మళ్ళీ మళ్ళీ వచ్చి, నెలల తరబడి ఉండి, కాగితం మీద చూసిన వరుసను మనిషి చేతిలో విన్నాడు. ఆ మనిషి బార్తుష్.

1923లో ఒక పెళ్ళి జరిగింది. వరుడు యెజీ రితార్ద్ అనే పట్నవాసి రచయిత, వధువు హెలేనా రోయ్ అనే గురాల్ అమ్మాయి. షిమనోవ్‌స్కి ఆ పెళ్ళిలో తోడు పెళ్ళికొడుకు. మేళం బార్తుష్‌ది. డెబ్భై దాటిన ఆ ముసలివాడు తన ముందుకు వచ్చిన ఒక్కొక్క యువకుడి గొంతునూ అందుకుంటూ గంటల తరబడి వాయించాడు. ఆ పెళ్ళి షిమనోవ్‌స్కి మనసులో అలాగే నిలిచిపోయింది. ఆయన ఆ సంవత్సరమే మొదలుపెట్టి 1931లో ముగించిన ‘హార్నాషియె’ అనే బాలే కథలో కూడా పెళ్ళే ఉంది. పెళ్ళి జరుగుతుండగా కొండదొంగల నాయకుడు వచ్చి, తాను ప్రేమించిన వధువును ఎత్తుకుపోతాడు. బృందగానం, టెనర్ గొంతు, పెద్ద వాద్యబృందం కలిసి ఆ గురాల్ వరుసలను పలుకుతాయి. 1935లో ప్రాగ్‌లోనూ, 1936లో ప్యారిస్ ఒపేరాలోనూ దాన్ని ప్రదర్శించారు.

బార్తుష్ వీటిలో ఏదీ వినలేదు. 1926లోనే వెళ్ళిపోయాడు.

షిమనోవ్‌స్కి అతని సొమ్ము కాజేశాడని నేను అనను. గురాల్ సంగీతం గురించి 1924లో ప్రత్యేకంగా వ్యాసం రాసి, పట్టణ పాఠకులకు దాని విలువ చెప్పినవాడు ఆయన. స్టానిస్వావ్ మియెర్చిన్‌స్కి అనే వయొలిన్ వాద్యకారుడు, పర్వతారోహకుడు ఏళ్ళ తరబడి ఆ వరుసలను పోగుచేసి 1930లో పుస్తకంగా తెచ్చినప్పుడు దానికి ముందుమాట రాసింది కూడా షిమనోవ్‌స్కియే, బొమ్మలు వేసింది జోఫియా స్త్రియెన్‌స్కా. బార్తుష్ చేతి వరుసలు ఎన్నో అందులో ఉన్నాయి. ప్రిమ్‌ని మాత్రమే కాక, సెకుండ్‌నీ బాసినీ కూడా వేర్వేరు గీతల మీద రాసిన పుస్తకం కాబట్టి, మేళం మొత్తం ఎలా నడిచేదో ఇవాళ మనకు తెలుస్తోంది.

అయినా ఒక తేడా నన్ను వదలదు. తొంభైమంది వాయించే వాద్యబృందంలో నిర్వాహకుడికి ఏ పాట రాబోతోందో మూడు నెలల ముందే తెలుసు. షిమనోవ్‌స్కి ఆ వరుసలను నాజూకుగా, ఎంతో గౌరవంతో దించాడు గానీ, ఎదుటివాడి గొంతు తేలేదాకా ఏమీ తెలియని ఆ క్షణాన్ని స్వరలిపిలోకి దించడం ఎవరివల్లా కాదు. బార్తుష్ విద్యలో సగం ఆ క్షణంలో ఉంది.

ఆ విద్య అతనితో పోలేదు. అతని కొడుకులు అతని పక్కన వాయించారు, తరువాత కూడా వాయించారు. 1920ల చివర్లో చికాగోలో స్థిరపడిన గురాల్‌లలో కరోల్ స్తోహ్ బృందం గ్రామఫోను రికార్డులు ఇచ్చింది. విద్యుత్తు సాయంతో చేసిన కొత్త పద్ధతి రికార్డులు కనుక వాటిలో బాసి స్పష్టంగా వినిపిస్తుంది, యువకుడు మేళానికి పాడటం వినిపిస్తుంది, ప్రిమ్ అతని వెనుకే లేవడం వినిపిస్తుంది. మా విద్యార్థులకు నేను మొదట వినిపించేవి అవే.

ఇప్పుడు మీ ముందు ఒక ప్రయత్నం చెయ్యబోతున్నాను. నా విద్యార్థిని సెకుండ్ వాయిస్తుంది. బాసి మన దగ్గర లేదు, చెల్లోకి నాలుగో తీగ తీసేసి, గుడ్డ పట్టీ కట్టి, మరో విద్యార్థి భుజానికి తగిలించుకున్నాడు. ఈ ముందు వరుసలో కూర్చున్న కుర్రవాడు రెండు నెలలుగా పన్నెండు గురాల్ వరుసలు కంఠస్థం చేశాడు. ఏది పాడబోతున్నాడో నాకు చెప్పవద్దన్నాను. ముప్ఫై ఏళ్ళుగా వయొలిన్ పట్టుకుంటున్నాను, సభలో ఏమి వాయించబోతున్నానో తెలియకుండా నిలబడటం నాకిదే మొదటిసారి.

రా నాయనా, ఇలా ఎదురుగా నిలబడు. ఇంకొంచెం దగ్గరికి. ఆఁ, పాడు.